అన్నం తగ్గింది, ఆరు యూనిట్లు మాత్రం తగ్గలేదు

మీరు రాసింది రెండుసార్లు చదివాను. పన్నెండేళ్లుగా టైప్ 2 షుగర్ జబ్బు, మాత్రలతో లాభం లేదని నాలుగు నెలల కిందట ఇన్సులిన్ మొదలుపెట్టారు, రాత్రి లాంగ్ యాక్టింగ్ (రోజంతా నెమ్మదిగా పనిచేసే ఇన్సులిన్) 18 యూనిట్లు, మూడు పూటలా తిండికి ర్యాపిడ్ (త్వరగా పనిచేసే ఇన్సులిన్) 6 యూనిట్ల చొప్పున. ఫాస్టింగ్ 190 నుంచి 210, మధ్యాహ్నం తిన్న రెండు గంటలకి 260, రాత్రి పదకొండింటికి మాత్రం ఒకే వారంలో రెండుసార్లు 58, చెమటలు, వణుకు. పొద్దున్న అంకె చూసి కంగారుపడి రాత్రి అన్నం పూర్తిగా మానేశారు, అయినా దిగట్లేదు, ఇంకా ఏం మానేయాలో చెప్పమన్నారు.

ఏమీ మానేయక్కర్లేదు. మీరు చెప్పినదాంట్లో నాకు జబ్బు ముదరడం కంటే లెక్క తప్పడమే ఎక్కువ కనిపిస్తోంది.

ముందే ఒక మాట. నేను డాక్టర్ని కాను, ఇరవై రెండేళ్లుగా రోజుకి నాలుగైదు సూదులు పొడుచుకుంటున్నవాణ్ని. యూనిట్లు మార్చే పని మీ డాక్టరుతో మాట్లాడాకే చేయండి. కానీ ఆయన ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో, ఏ కాగితం చూపించాలో తెలిస్తే ఆ పది నిమిషాలు వృథా కావు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

రాత్రి భోజనం సంగతి చూద్దాం. అరకప్పు ఉడికిన పప్పు, కూరగాయలు, ఒక గ్లాసు పాలు అన్నారు. పప్పులో ఓ 20 గ్రాములు, పాలల్లో 12, కూరగాయల్లో ఏడెనిమిది, అన్నీ కలిపి 40 గ్రాముల పిండిపదార్థం. మీరు రోజు మొత్తం మీద తీసుకునే ఇన్సులిన్ 36 యూనిట్లు. మొదటి అంచనాకి డాక్టర్లు వాడే లెక్క ఒకటుంది, 500ని ఆ మొత్తంతో భాగిస్తే ఒక యూనిట్ ర్యాపిడ్ ఎన్ని గ్రాముల పిండిపదార్థాన్ని చూసుకుంటుందో తెలుస్తుంది, మీకు దాదాపు 14. అలాగే 1800ని భాగిస్తే ఒక యూనిట్ షుగర్‌ని ఎంత దించుతుందో వస్తుంది, మీకు 50. ఇప్పుడు చూడండి. 40 గ్రాములకి మూడు యూనిట్లు చాలు, మీరు వేసుకున్నది ఆరు. మిగిలిన మూడింటికీ తిండి దొరకదు కాబట్టి అవి రక్తంలో ఉన్న షుగర్ మీదే పడతాయి, మూడు యాభైలు నూట యాభై. తినేముందు 205 ఉందన్నారు కదా, అందులోంచి 150 పోతే 55. మీ మీటర్ 58 చూపించింది.

ఇంత చక్కగా లెక్క కుదరడం అరుదు, అది కూడా చెప్పాలి. టైప్ 2లో ఒంటికి ఇన్సులిన్ సరిగ్గా పట్టదు కాబట్టి ఒక్కొక్కరికీ ఈ అంకెలు బాగా అటూ ఇటూ అవుతాయి, పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా కూడా ఉంటాయి. కానీ దారి చూపించడానికి ఇది చాలు: అన్నం తీసేశారు, దాని కోసం వేసుకునే ఇన్సులిన్‌ని మాత్రం అలాగే ఉంచారు. మీ ఆరు యూనిట్లకి ప్లేటులో అన్నం లేదని తెలియదు.

ఇంకో సంగతి, పాత మాత్రల్లో గ్లిమెపిరైడ్, గ్లిక్లాజైడ్ లాంటివి ఇంకా వేసుకుంటున్నారా? మీరు రాయలేదు. అవి మీ పాంక్రియాస్‌ని పిండి ఇన్సులిన్ బయటికి తెప్పించే మందులు. తిండికి ముందు ర్యాపిడ్ మొదలయ్యాక చాలామందికి వాటిని ఆపేస్తారు, ఎందుకంటే రెండూ కలిస్తే లో అయ్యే (షుగర్ మరీ పడిపోయే) ప్రమాదం బాగా పెరుగుతుంది. మెట్‌ఫార్మిన్‌తో ఆ గొడవ లేదు, అది మామూలుగా కొనసాగిస్తారు. రేపే ఫోన్ చేసి అడగండి.

మధ్యాహ్నం కథ దీనికి తిరగబడి ఉంది. "అన్నం కొంచెమే తింటాను" అని రాశారు. ఆ కొంచెం అనే మాటతో నేను చాలా ఏళ్లు మోసపోయాను. నా లెక్కలో నా ప్లేటులో అన్నం 150 గ్రాములు ఉండేది, ఎప్పుడూ తూచింది లేదు, కళ్లతో చూసి అనుకున్నదే. ఒకరోజు విసుగొచ్చి వంటింటి కాటా కొని, ఖాళీ ప్లేటు పెట్టి సున్నా చేసి, రోజూ వడ్డించుకున్నట్టే వడ్డించుకున్నాను. 340 చూపించింది. కాటా పాడైందేమోనని కిలో ఉప్పు ప్యాకెట్ పెట్టి చూశాను, కాటా బాగానే ఉంది. వండిన అన్నం 100 గ్రాముల్లో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, అంటే నేను 42 గ్రాములు అనుకుని 95 తింటూ, షుగర్ ఎందుకు పెరుగుతోందని డాక్టర్‌ని విసిగించేవాణ్ని.

కాబట్టి మొదటి వారం మందు మోతాదు మార్చకుండా కాటా ఒకటి తెచ్చుకోండి. జీవితాంతం తూచుకుంటూ కూర్చోమని కాదు, రెండు వారాలకి మీ కంటికే తూకం వచ్చేస్తుంది. పిండిపదార్థం మామూలు బ్రెడ్ ముక్క ఒకదాంట్లో 15 గ్రాములు, మధ్యరకం అరటిపండు 27, ఆపిల్ 25 అటూ ఇటూ, గుడ్డు, చేప, మాంసం లెక్కలోకి రావు. ప్యాకెట్ తిండి అయితే వెనక అట్ట మీద 'కార్బోహైడ్రేట్' అన్న వరస చూడాలి, దాని కింద ఉండే 'చక్కెర' వరస చూసి ఊరుకుంటే తప్పు. షుగర్ ఫ్రీ అని రాసిన బిస్కెట్లలో చక్కెర లేకపోవచ్చు, పిండి ఉండకుండా బిస్కెట్ ఎలా అవుతుంది?

ఇక్కడి నుంచి రెండు దారులు. ఒకటి, తిన్నదాన్ని బట్టి యూనిట్లు మార్చుకోవడం. దీనికి లెక్క, ఓపిక, డాక్టరుగారి ఒప్పుదల మూడూ కావాలి. రెండోది, యూనిట్లు ఇంతే అని నిర్ణయించినప్పుడు దానికి తగ్గట్టు ప్రతి పూటా పిండిపదార్థం దాదాపు ఒకే మోతాదులో ఉంచుకోవడం, అంటే ఇవాళ మధ్యాహ్నం 60 గ్రాములైతే రేపు కూడా 60. తిండి రకాలు మార్చుకోవచ్చు, అంకె మారకూడదు. కొత్తలో మీకు ఈ రెండోదే సులువు. ఈ రెండూ కాకుండా ఒక పూట 110, ఇంకో పూట 40 తిని రెంటికీ ఆరే వేసుకుంటే 260, 58 తప్ప ఇంకేం కనిపిస్తాయి?

తినే వరస గురించి కూడా చెప్తాను, ఖర్చు లేని చిట్కా. కూరగాయలు, గుడ్డో పప్పో ముందు తినేసి అన్నమో రొట్టో చివర్లో తింటే షుగర్ ఒక్కసారిగా ఎగబాకకుండా నెమ్మదిగా పెరుగుతుంది. నాకైతే ఒకే భోజనానికి శిఖరం స్పష్టంగా తగ్గింది. కొవ్వు ఎక్కువున్న తిండిది ఇంకో రకం తంటా, రెండు గంటలకి రీడింగ్ చాలా బాగుంటుంది, మనం మురిసిపోతాం, నాలుగైదు గంటలకి పెరగడం మొదలవుతుంది, అప్పటికి ర్యాపిడ్ పని అయిపోయి ఉంటుంది. విందుకి వెళ్లొచ్చిన మర్నాడు ఫాస్టింగ్ ఎందుకు అంత వచ్చిందా అని తల పట్టుకునేవాళ్లలో చాలామంది కథ ఇదే.

ఇక టైమింగ్. మీరు ఒక వాక్యంలో చెప్పి వదిలేశారు గానీ అది చాలా పెద్ద విషయం, "లో అవుతుందేమోనని భయంతో తిన్నాక వేసుకుంటున్నాను" అన్నారు. లిస్‌ప్రో, అస్పార్ట్, గ్లులిసిన్, ఈ మూడు ర్యాపిడ్ రకాల్లో ఏదైనా పని మొదలుపెట్టడానికి పదిహేను నిమిషాలు పడుతుంది, గంట నుంచి రెండు గంటల మధ్య ఉధృతంగా ఉంటుంది, నాలుగైదు గంటల దాకా సాగుతుంది. అన్నం మాత్రం పది పదిహేను నిమిషాల్లోనే రక్తంలోకి రావడం మొదలుపెడుతుంది. మీరు అరగంట తిని, ఇంకో పది నిమిషాలకి సూది వేసుకుంటే ఇన్సులిన్ లేచేసరికి తిండి సగం దూరం వెళ్లిపోయి ఉంటుంది. రెండు గంటలకి 260. ఆ తర్వాత తిండి ఉధృతి తగ్గినా ఇన్సులిన్ ఇంకా నడుస్తూనే ఉంటుంది, రాత్రి పూట అయితే సరిగ్గా మీరు పడుకునే వేళకి లో. మామూలుగా తినడానికి పది పదిహేను నిమిషాల ముందు వేసుకోవాలి. అయితే తినేముందు రీడింగ్ 70 కంటే తక్కువుంటే ముందు దాన్ని సరిచేసుకోవాలి, ఆ తర్వాతే సూది. ఒకవేళ మీది ర్యాపిడ్ కాకుండా పాత రకం రెగ్యులర్ అయితే అరగంట ముందు వేసుకోవాలి, సీసా మీదో పెన్ను మీదో పేరు ఒకసారి చూసుకోండి. సూది వేసుకున్నాక ఫోన్ వచ్చిందని, అతిథులు వచ్చారని తిండి వాయిదా వేయకండి. ప్లేటు సిద్ధంగా కనపడితే గానీ నేను పెన్ను టోపీ తీయను.

సీసా మాట వచ్చింది కాబట్టి, పెన్ను కాకుండా సిరంజి వాడేవాళ్లెవరైనా చదువుతుంటే ఇది గుర్తుంచుకోండి. వయల్స్ రెండు రకాలు, మిల్లీలీటరుకి 40 యూనిట్లవి, 100 యూనిట్లవి. 40 వయల్‌కి 40 సిరంజి, 100కి 100. 100 రకం ఇన్సులిన్‌ని 40 సిరంజితో తీస్తే 6 యూనిట్లు అనుకున్నది 15 అవుతుంది. నవ్వులాట కాదు.

ఇప్పుడు ఆ రాత్రి పదకొండు గంటల విషయం. 58 చూసి ఏం తిన్నారో నిజాయితీగా రాసినందుకు సంతోషం: ఒక అరటిపండు, పెద్ద గ్లాసు పళ్లరసం, ఆరేడు బిస్కెట్లు. మిమ్మల్ని తప్పుపట్టను, లో అయినప్పుడు వేసే ఆకలి మామూలు ఆకలి కాదు, ఒళ్లు చచ్చిపోతున్నానని కేకలు పెడుతుంటే బుద్ధి పనిచేయదు. నేనూ ఫ్రిజ్ తలుపు పట్టుకుని నిలబడి, చల్లటి నేల మీద కాళ్లు వణుకుతుంటే చేతికి ఏది తగిలితే అది తిన్నవాణ్నే. కానీ అది 90 గ్రాములకి తక్కువ ఉండదు. కావలసింది 15. మూడు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగండి, లేదా అరగ్లాసు కంటే కొంచెం ఎక్కువ పళ్లరసం, ఆ తర్వాత పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ చూసుకోండి, ఇంకా 70 దాటకపోతే మరో 15. ఆ పదిహేను నిమిషాలు చాలా పొడుగ్గా ఉంటాయి, తెలుసు. చాక్లెట్ పనికిరాదు, అందులో కొవ్వు వల్ల తీపి నెమ్మదిగా ఎక్కుతుంది. నేను గ్లూకోజ్‌ని 15 గ్రాముల చొప్పున చిన్న పొట్లాలు కట్టి మంచం పక్కన పెట్టుకుంటాను, చేతికి పొట్లం తగిలితే ఫ్రిజ్ దాకా వెళ్లే పని ఉండదు. ఒకవేళ మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదని, గ్లూకగాన్ (షుగర్‌ని పైకి లేపే మందు) ఉంటే ఇవ్వాలని, లేకపోతే వెంటనే అంబులెన్స్ పిలవాలని ఇంట్లోవాళ్లకి ఇవాళే చెప్పి పెట్టండి.

ఆ 90 గ్రాములకి మర్నాడు ఫాస్టింగ్ 210 వచ్చింది. ఆ 210 చూసి లాంగ్ యాక్టింగ్‌ని 14 నుంచి 18కి పెంచారు. రాత్రి లో అయిన సంగతి డాక్టరుకి చెప్పారా? చెప్పలేదనే అనిపిస్తోంది, ఎందుకంటే మీ పుస్తకంలో పొద్దుటి అంకెలే ఉన్నాయన్నారు. పొద్దుటి అంకె ఒక్కటే చూపిస్తే ఏ డాక్టరైనా రాత్రి మోతాదే పెంచుతారు.

ఫాస్టింగ్ ఎక్కువ రావడానికి కారణం ఒకటే ఉండదు. రాత్రి ఎక్కువ తినడం ఒకటి. లాంగ్ యాక్టింగ్ నిజంగానే చాలకపోవడం ఇంకొకటి. తెల్లవారుజామున కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ లాంటివి లేచి కాలేయాన్ని షుగర్ వదలమని తొందరపెట్టడం మరొకటి, డాన్ ఫినామినన్ అంటారు, నిద్రలో ఏమీ తినకపోయినా పెరుగుతుంది. ఈ మూడింట్లో మీది ఏదో తెలియాలంటే తెల్లవారుజామున 3 గంటలకి అలారం పెట్టుకుని లేచి చూడటం తప్ప మార్గం లేదు. మూడు రాత్రులు చాలు, వరసగా అక్కర్లేదు. పడుకునేముందు, 3 గంటలకి, లేవగానే. పడుకునేటప్పుడు 140, మూడింటికి 135, లేచాక 190 అంటే తెల్లవారుజామున హార్మోన్ల పని. మూడింటికే 190 ఉంటే రాత్రి తిండో, చాలని మోతాదో. మూడింటికి 65 ఉంటే ఆ 18 యూనిట్లు ఎక్కువ. లాంగ్ యాక్టింగ్ సరిగ్గా ఉందంటే అర్థం, ఏమీ తినని గంటల్లో షుగర్ ఉన్నచోటే అటూ ఇటూ ముప్పై లోపల నిలబడటం. తిండి వల్ల పెరిగే షుగర్‌ని దించే పని దానిది కాదు, ఆ పనికి ర్యాపిడ్ ఉంది. ఈ రెంటి పనులు కలిపేస్తే మోతాదు పెరుగుతూనే పోతుంది, షుగర్ మాత్రం దారికి రాదు.

సెన్సర్ (చేతికి అంటించుకుంటే రాత్రింబగళ్లు షుగర్ చూపించే పరికరం) పెట్టుకునే వీలుంటే రెండు వారాలు పెట్టుకోండి, ఈ అలారం బాధ తప్పుతుంది. ఒక్కటే జాగ్రత్త, సెన్సర్ ఉన్న చేతి మీద ఒత్తిగిలి పడుకుంటే ఉత్తుత్తి లో చూపిస్తుంది, అర్ధరాత్రి నమ్మబుద్ధి కాకపోతే వేలు పొడిచి చూసుకోండి. వేలు పొడిచేముందు చెయ్యి కడుక్కోండి. కమలాపండు ఒలిచిన చేత్తో చూసుకుంటే ఒకసారి నాకు 261 వచ్చింది, సబ్బుతో కడుక్కుని తుడుచుకుని చూస్తే 128. ఆ 261కి సూది వేసుకుని ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

సూది మీద సూది గురించి నా తప్పు చెప్తాను, మీరు చేయకుండా ఉంటారని. ఒక సాయంత్రం 310 ఉంది, చిరాకేసి 4 యూనిట్లు వేసుకున్నాను. నలభై నిమిషాలకి 305. పనిచేయట్లేదని ఇంకో 4. ఇంకో అరగంటకి 290, ఇంకో 3. మొదటిది అప్పుడప్పుడే ఊపందుకుంటోంది, నాకేమో ఓపిక లేదు. మూడూ కలిసి ఒకేసారి మీద పడ్డాక మీటర్లో 38 చూశాను, దాన్ని చదవడానికే నాకు కాసేపు పట్టింది, అంకెలు ఈదుతున్నాయి. సరిదిద్దుకోవడానికి వేసుకున్న ర్యాపిడ్ మీద మళ్లీ ర్యాపిడ్ వేసే ముందు నాలుగు గంటలు ఆగాలి. 300 ఉన్న షుగర్ నాలుగు గంటల్లో దిగితే ఫర్వాలేదు, అరగంటలో దిగాలన్న పట్టుదల ఎందుకు?

పొట్ట మీద ఒకే చోట వేసుకుంటున్నారా? బొడ్డు పక్కన వేళ్లతో తడిమి చూడండి. మెత్తగా, కొవ్వు గడ్డలా తగిలితే అక్కడ వేసిన ఇన్సులిన్ సరిగ్గా పట్టదు, ఒకరోజు సగమే పట్టి ఇంకోరోజు మొత్తం పడుతుంది. అక్కడ నొప్పి తెలియదు కాబట్టి మనకి అదే ఇష్టంగా ఉంటుంది, నాకూ ఎనిమిదేళ్లు అదే అలవాటు. చోటు మార్చండి, ప్రతిసారీ కిందటి చోటికి కనీసం ఒక వేలి వెడల్పు దూరంలో. కానీ గడ్డ మీంచి మంచి చర్మం మీదకి మారిన రోజు నుంచి అదే మోతాదు గట్టిగా పనిచేస్తుంది, లో అవుతారు, మార్చేముందు డాక్టరుని అడిగి తగ్గించుకోండి. ఈ ఒక్క ముక్క నాకు ఎవరూ చెప్పలేదు. పెన్ను నీడిల్ 4 మిల్లీమీటర్లది దాదాపు అందరికీ చాలు. ముందు 2 యూనిట్లు గాలిలోకి వదిలి చుక్క వచ్చిందో లేదో చూసుకోవాలి, వేసుకున్నాక పది లెక్కపెట్టి తీయాలి. తెరవని పెన్నులు ఫ్రిజ్‌లో, గడ్డకట్టే అరకి దూరంగా. వాడుతున్నది 30 డిగ్రీల లోపు ఉండే చోట బయట పెట్టుకోవచ్చు, ఎక్కువ రకాలకి గడువు 28 రోజులు, ఒక్కో రకానికి కాస్త తేడా ఉంటుంది కాబట్టి అట్ట మీద చూడండి. ఎండలో కారులో వదిలేసిన పెన్నుని నమ్మకండి.

నడక మంచిదే, కానీ ర్యాపిడ్ వేసుకున్న గంటన్నరకి గట్టిగా నడిస్తే మామూలు కంటే ఎక్కువ దిగుతుంది, సాయంత్రం బాగా శ్రమ పడితే ఆ ప్రభావం రాత్రి నిద్రలో కూడా ఉంటుంది. మద్యం తాగితే కాలేయం ఆ పనిలో పడి షుగర్ వదలదు, కాబట్టి ఖాళీ కడుపుతో వద్దు. జ్వరం, వాంతులు ఉన్నప్పుడు "తినట్లేదు కదా" అని లాంగ్ యాక్టింగ్ ఆపకండి, జబ్బులో షుగర్ తినకపోయినా పెరుగుతుంది. ర్యాపిడ్ సంగతి డాక్టరుకి ఫోన్ చేసి అడగండి, నీళ్లు తాగుతూ ఉండండి, వాంతులు ఆగకపోయినా ఊపిరి బరువైనా ఇంట్లో కూర్చోవద్దు.

తిండి మానేయడం గురించి ఇంకొక్క మాట. ఇన్సులిన్ రాకముందు, అంటే 1922కి ముందు, డాక్టర్ల చేతిలో ఉన్న గట్టి వైద్యం కడుపు మాడ్చడమే. పిల్లల్ని ఎముకల గూళ్లయ్యేదాకా మాడ్చి కొన్ని నెలలో ఏళ్లో ఆయుష్షు పొడిగించేవాళ్లు. ఆ ఏడాది జనవరిలో టొరంటోలో పద్నాలుగేళ్ల లియొనార్డ్ థాంప్సన్‌కి మొదటి ఇన్సులిన్ ఇచ్చినప్పుడు అతను ముప్పై కిలోల బరువు ఉన్నాడు. ఇన్సులిన్ వచ్చింది మనం తినడానికి. దాన్ని వేసుకుంటూ మళ్లీ మాడటం ఏమిటండీ?

తినేముందు 80 నుంచి 130, తిన్నాక 180 లోపు, చాలామంది పెద్దవాళ్లకి పెట్టే గురి ఇది. వయసు, గుండె, కిడ్నీలని బట్టి మీ డాక్టరు వేరే అంకె చెప్పొచ్చు, ఆయన చెప్పిందే మీది. అయితే ముందు ఆ లో అవడం ఆగాలి, 260 సంగతి తర్వాత. తరచూ లో అయ్యేవాళ్లకి కొన్నాళ్లకి చెమట, వణుకు కూడా రావడం మానేస్తాయి, నేరుగా స్పృహ తప్పుతుంది, నాకు భయం వేసేది అక్కడే.

కాబట్టి రేపు ఫోన్‌లో అడగాల్సినవి: పాత మాత్రల మాట, రాత్రి పూట 6 యూనిట్ల మాట, 58 రెండుసార్లు వచ్చిన మాట. ఆయనతో మాట్లాడేదాకా ఆ ఆరు యూనిట్లకి సరిపడా తిండి ప్లేటులో ఉండేలా చూసుకోండి, రాత్రి అన్నం తిరిగి మొదలుపెట్టండి, తూచి. కిందటి వారంవి గుర్తున్నంతవరకు ఒక కాగితం మీద రాయండి, తినేముందు ఎంత, ఏం తిన్నారు, ఎన్ని గ్రాములు, ఎన్ని యూనిట్లు ఎన్నింటికి, రెండు గంటలకి ఎంత. పదకొండింటికి తిన్న బిస్కెట్లు కూడా రాయండి. మూడు రాత్రుల 3 గంటల రీడింగులు వచ్చాక మళ్లీ చెప్పండి, కూర్చుని చూద్దాం.